వెనకాలది తీసేయాలా?

కొంగారెడ్డిపల్లెలో మా అంగడి.
అంగడంటే ఒక బల్ల, ఒక ప్రింటరు,
కరెంటు పోతే కీచుమనే యూపీయస్సు.
పొద్దున ఏడుకే సెల్లు మోగుతుంది:
"మే మొగిలీశ్వరీ, స్టేటస్‌లో టమేటా రేటు పెట్టల్ల,
బిన్నా చేసీ."

నా దగ్గర మూడుండాయి.
మూడూ ఉచితమే. ఏదీ ఊరికే రాదు.

ఒకదానికి దొరసాని అని పేరు పెట్టినా.
కడిగిన ముత్యం.
గీతకు గీత, అంచుకు అంచు
తనే సర్దుకుంటుంది.
తెలుగు దగ్గరికొస్తే మాత్రం నోరు తిరగదు.
"శ్రీ" అని కొడితే
శకారం ఒక పక్క, రావత్తు ఒక పక్క,
గుడిదీర్ఘం చుక్కల సున్నా మీద
ఒంటరిగా కూర్చుంటుంది.
పండగ బొమ్మలడిగితే మంచు, ఎర్రాకుల చెట్లు,
గుమ్మడికాయకు కళ్ళూ పళ్ళూ.
మా ఊళ్ళో గుమ్మడికాయకు కళ్ళు పెట్టేది
కొత్తిల్లు కడితే, దిష్టికి.
ఆ మాట దానికెవరు చెప్పాల?

రెండోది జెండాలది.
తెలుగు దంచుతుంది.
మొన్న మొన్న మీసమొచ్చిన పిల్లోడి పుట్టినరోజుకు
సింహం, వెలుగు కిరణాలు,
వెనక ఇద్దరు లీడర్లు దండం పెడతా ఉంటారు.
కింద మూలన దాని ముద్ర.
తీసేయాలంటే నెలకు నూటతొంభైతొమ్మిది.
నేను ఆ ముద్ర మీద చిన్న మామిడికాయ అతికిస్తా.
మా వీధి స్టేటస్‌లన్నింటికీ
మూలన ఒక మామిడికాయ ఉంటుంది, చూసుకోండి.

మూడోదానికి మాట చాలు, బొమ్మ గీసేస్తుంది.
"రాగిసంగటి మెస్సు" అంటే
చాక్లెట్టు ముద్దను గిన్నెలో పెట్టి చూపించింది.
బోర్డు మీద రాతలు తెలుగు మాదిరే ఉండాయి,
చదవబోతే ఒక్కక్షరమూ మనది కాదు,
కలలో చదివిన కాయితం లెక్క.
మెస్సు మునిరత్నం మాత్రం ముద్దను చూసి
"ఇంత నున్నగా మాయమ్మ కూడా కెలకలేదు" అన్నాడు.

నిన్న మధ్యాన్నం
చెంగల్రాయులి పెండ్లాం వచ్చింది.
ఆయన లారీలకు పేర్లు రాసేటోడు.
ముందర నేషనల్ పర్మిట్, వెనక డోరు మీద నెమలి,
స్కేలు లేకుండా, ఊపిరి బిగబట్టి, ఒకే గీత.
పదకొండో రోజుకు పోస్టరు కావాల.
ఫొటో ఒకటే ఉండాది, ఎవరిదో పెండ్లిలో తీసింది.
భుజం మీద ఒక చెయ్యి, నాలుగు గాజులు.
మిగతా మనిషి ఫ్రేములో లేదు.

"వెనకాలది తీసేయాలా?" అనింది దొరసాని.
సరే అన్నా.
చెయ్యి తీసేసింది. దాంతో పాటు చెవి సగం.
జెండాలది చెయ్యి ఉంచింది గానీ
ఆయన్ను తెల్లగా తోమి
బిస్కెట్టు ప్యాకెట్టు మీది పిల్లోణ్ణి చేసింది.
మూడోది తెగిన చెవిని తానే మొలిపించింది,
తూటు లేని చెవి.
"తూటు ఉండేది. కమ్మలే అమ్మేసినాం,
పెయింట్లంగడికి బాకీ పడిన ఏడు."

స్క్రీను మీదికి వంగి, మూడింటినీ
వంకాయలు ఏరినట్టు చూసింది.
"ఆ చెయ్యి నాదే మ్మా.
రొంత తెగినా పర్లేదు,
భుజం మీద మాత్రం ఉండనీ."

దేంట్లోనూ ఆ బటన్ లేదు.
జెండాలదాంట్లోనే కూర్చున్నా,
ఆయన పేరులో "ల్రా" విడిపోకుండా నిలిచేది అక్కడే.
అంచంచునా, గోరుగోరునా
ఆ చెయ్యి మళ్ళీ గీసుకుంటా వచ్చినా, గంటన్నర.
గాజుల కాడ ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది.

"పేరు ఆయన రాసేటట్టు రాస్తుందా, ఏదన్నా?"
ఇరవైమూడు ఫాంట్లు చూపించినా.
ఇరవైరెండింటికి తల అడ్డంగా ఊపి
చివరిదానికి "పోనీలే, ఇది కానీ" అనింది,
అనుకున్న చీర అంగట్లో లేనప్పుడు అనేటట్టు.

నలభై రూపాయలు. వద్దంటే వినలేదు.
ముద్ర మీదికి అలవాటుగా
మామిడికాయ లాక్కొచ్చింది నా వేలు.
తీసేసినా.
నూటతొంభైతొమ్మిది కట్టేసినా.

ఈ నెలంతా ఏ పోస్టరు మీదా ముద్ర ఉండదు.
పొద్దున్నించీ ముగ్గురు ఫోన్ చేసినారు,
మునిరత్నమైతే రెండుసార్లు,
మామిడికాయ ఏమైందని.